పాత కేసినో పోకర్ చిప్స్ మురికి వదిలించడం ఎలా? రంగు, లేబుల్ పాడవకూడదు

తార్నాక_పేకముక్కలు:

అందరికీ నమస్తే. మా మేనమామ అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రెనోలో చాలా ఏళ్లు ఉండి ఈ మధ్యే పూర్తిగా హైదరాబాద్ వచ్చేశారు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆయనకు పోకర్ చిప్స్, అంటే కేసినోల్లో డబ్బుకి బదులు వాడే గుండ్రటి బిళ్లలు, పోగుచేసే అలవాటు ఉండేది, వస్తూ వస్తూ ఒక పెద్ద డబ్బా నిండా తెచ్చి నా చేతిలో పెట్టారు, నాలుగు వందల దాకా ఉంటాయి. షాపులో కొన్న కొత్త సెట్టు కాదు, ఎప్పుడో మూతపడ్డ ఒక చిన్న కేసినోలో టేబుళ్ల మీద నిజంగా తిరిగిన చిప్స్. 1 డాలర్ తెల్లవి, 5 డాలర్ల ఎర్రవి ఎక్కువ, 25 డాలర్ల ఆకుపచ్చవి కొన్ని, 100 డాలర్ల నల్లవి చాలా తక్కువ.

సమస్యల్లా మురికి. ముఖం మీద కన్నా అంచుల్లోనే ఎక్కువ ఉంది. ఎర్ర చిప్ అంచున అక్కడక్కడ తెలుపు ముక్కలు ఉంటాయి కదా, ఆ తెలుపు మొత్తం బూడిద రంగుకి తిరిగిపోయింది. గోటితో గీకితే నల్లటి జిడ్డు గోట్లోకి వచ్చేస్తోంది. డబ్బా మూత తీస్తే గదంతా సిగరెట్ వాసన. మధ్యలో కేసినో పేరు, విలువ అచ్చు వేసిన గుండ్రటి లేబుల్ చాలావాటికి బాగానే ఉంది, కొన్నింటికి మాత్రం పసుపెక్కింది.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. మా ఆవిడ విమ్ సబ్బు పెట్టి పీచుతో తోమేయమంటుంది, ఫ్రెండ్ ఒకడు థిన్నర్‌లో ముంచి తీస్తే రెండు నిమిషాల పని అంటాడు, నాన్నగారేమో కడిగాక కొబ్బరినూనె రాస్తే మెరుస్తాయంటారు. మామయ్య వీటిని ఎంత ప్రాణంగా చూసుకున్నారో నాకు తెలుసు, అందుకే ఏదీ మొదలుపెట్టకుండా ఇక్కడ అడుగుతున్నా. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదు, శనివారం రాత్రి మా ఇంట్లో నలుగురైదుగురం కూర్చుని రమ్మీ ఆడతాం, డబ్బులేం ఉండవు, పాయింట్ల లెక్కకి వీటిని వాడదామని. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బేగంపేట_పాతనాణేలు:

మొదలుపెట్టకుండా అడగడం చాలా మంచి పని చేశారు. నేను ప్రధానంగా నిజాం కాలపు నాణేలు సేకరిస్తాను, చిప్స్ కూడా కొంత ఉన్నాయి. అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అవి ఏ రకం అన్నది, ఎందుకంటే ఒక రకానికి పనికొచ్చే పద్ధతి ఇంకో రకాన్ని నాశనం చేస్తుంది.

ముందు ఒక అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. పట్టుకుంటే లోపల ఇనుప బిళ్ల ఉన్న ప్లాస్టిక్ చిప్ అన్నమాట. ఆన్‌లైన్‌లో అల్యూమినియం సూట్‌కేసులో అమ్మే సెట్లు ఎక్కువగా ఇవే, 11.5 గ్రాములు ఉంటాయి, పైన స్టిక్కర్ ఉంటుంది. వీటిని నీళ్లలో నానబెడితే స్టిక్కర్ లేస్తుంది, నీళ్లు లోపలికి వెళితే ఇనుము తుప్పు పడుతుంది. రెండో రకం సిరామిక్ అని పిలిచేవి. పేరుకే సిరామిక్, నిజానికి గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం, ముఖం నుంచి అంచు దాకా బొమ్మ మొత్తం నేరుగా ప్రింట్ చేసి ఉంటుంది, విడిగా లేబుల్ ఉండదు. మీరు చెప్పిన వివరాలు చూస్తే మీవి మూడో రకం, క్లే చిప్స్ అనిపిస్తోంది. క్లే అన్నా కుండలు చేసే మట్టి కాదు, బట్టీలో కాల్చరు, ఖనిజ పొడులూ రంగులూ బైండరూ కలిపి అచ్చులో వేడితో నొక్కి చేస్తారు. అంచున ఉన్న తెలుపు ముక్కలు పైపైన రంగు వేసినవి కావు, వేరే రంగు పదార్థాన్ని ముక్కలుగా పెట్టి కలిపి నొక్కుతారు, అందుకే ఎంత అరిగినా ఆ రంగు పోదు. అంటే మీకు కనిపిస్తున్న బూడిద రంగు మురికే తప్ప రంగు వెలిసిపోవడం కాదు, కాబట్టి ఆశ ఉంది.

ముఖం మీద లేబుల్ చుట్టూ ఉన్న వలయాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. పొడవాటి టోపీ, చేతికర్ర బొమ్మలు చిన్నచిన్నగా అచ్చు పడి ఉంటే అది పాల్సన్ అనే చిప్స్ తయారీ కంపెనీ మోల్డ్ (అచ్చు), సేకరించేవాళ్లు టాప్ హ్యాట్ అండ్ కేన్ అంటారు. నెవాడా కేసినోలు ఎక్కువగా వాడింది ఇవే. ఆ కంపెనీ 2002లో ఫ్రాన్స్‌లోని బుర్గోన్ ఎ గ్రాసే కంపెనీతో కలిసి తర్వాత గేమింగ్ పార్ట్‌నర్స్ ఇంటర్నేషనల్ అయింది, 2019లో జపాన్‌కి చెందిన ఏంజెల్ కొనేసింది. వ్యాసం 39 మిల్లీమీటర్లు ఉండాలి. తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించండి, 9 గ్రాములకు అటూ ఇటూగా ఉంటే క్లే అనే నమ్మకం ఇంకా బలపడుతుంది.

ఇంకో సంగతి. నెవాడాలో కేసినో మూతపడితే జనానికి చిప్స్ మార్చుకోవడానికి గడువిచ్చి, ఆ తర్వాత మిగిలిన చిప్స్‌ని ధ్వంసం చేయాలన్నది రూలు. చాలా కేసినోల చిప్స్ అలా పొడైపోయాయి. జనం చేతుల్లో ఉండిపోయినవే మిగిలాయి, కొన్నింటికి రద్దు గుర్తుగా అంచున గాటు పెట్టో చిన్న రంధ్రం చేసో ఉంటుంది. మీ డబ్బాలో అలాంటివి కనిపిస్తే విరిగిపోయాయని పక్కన పడేయకండి. ఒక కేసినో చిప్స్ నాలుగు వందలు ఒకేచోట ఉండటం మామూలు విషయం కాదు, మీ మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

హబ్సిగూడ_కెమిస్ట్రీ_టీచర్:

పై వివరణ బాగుంది. నేను కెమిస్ట్రీ వైపు నుంచి చెప్తాను.

ఆ నలుపు ప్రధానంగా చేతుల జిడ్డు, చెమట, దుమ్ము, సిగరెట్ పొగలోని తారు, టేబుల్ మీద పరిచే గుడ్డ నూగు, అన్నీ కలిసి గట్టిపడ్డది. జిడ్డుని నీటిలోకి లాగడానికి మామూలు గిన్నెల లిక్విడ్ చాలు. థిన్నర్, అసిటోన్, పెట్రోల్, నెయిల్ పాలిష్ రిమూవర్, వీటి జోలికి అస్సలు వెళ్లకండి బాబూ. చిప్‌ని ఒకటిగా పట్టి ఉంచే బైండర్‌ని అవి మెత్తబరుస్తాయి, రంగు గుడ్డకి అంటుకుంటుంది, లేబుల్ మీది అచ్చు చెదిరిపోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ ఇత్తడి సామానుకి బాగా పనిచేస్తాయని చాలామంది వీటికీ వాడబోతారు, ఖనిజ పొడులు కలిసిన వస్తువు మీద ఆమ్లం పెట్టాల్సిన అవసరమే లేదు. మీ ఆవిడ చెప్పిన విమ్ విషయంలో ఒక తేడా ఉంది. లిక్విడ్ అయితే సరే, సబ్బు బిళ్లలోనూ పౌడర్‌లోనూ గిన్నెలు రుద్దడానికి గరుకు పొడి కలుపుతారు, అది చిప్ ముఖం మీది సన్నటి అచ్చు గీతల్ని అరగదీస్తుంది. పీచు కూడా అంతే.

మ్యాజిక్ ఎరేజర్ పేరుతో తెల్ల స్పాంజి ముక్కలు అమ్ముతున్నారు, గోడల మీద పిల్లల పెన్సిల్ గీతలు చెరపడానికి వాడేవి. నెట్‌లో చిప్స్‌కి కూడా అదే వాడమని చాలా చోట్ల కనిపిస్తుంది. అది మెలమిన్ ఫోమ్. చేతికి మెత్తగా తగిలినా దాని సూక్ష్మ నిర్మాణం చాలా గట్టిది, పనిచేసే తీరు చూస్తే బాగా సన్నని ఎమరీ పేపర్‌తో రుద్దడం లాంటిదే. అంచు మీద మొండి మరక ఉంటే తడిపి, ఒత్తకుండా ఒకటి రెండుసార్లు తుడవొచ్చు. లేబుల్ మీద మాత్రం పెట్టకండి. ఆ లేబుల్ పైన నేత గుడ్డ మీద ఉండేలాంటి సన్నటి గడుల అచ్చు ఉంటుంది, అది అరిగిపోతే ఆ భాగం నున్నగా మెరుస్తూ కనిపిస్తుంది, మళ్లీ తెచ్చుకోలేం.

నీళ్లు గోరువెచ్చగా కూడా కాదు, మామూలు చల్లవే వాడండి. వేడి చేసి నొక్కిన వస్తువు వేడికి మళ్లీ వంగుతుంది. నానబెట్టకండి, ఒక్కొక్కటీ కడిగి తీసేయండి. తార్నాక వైపు బోరు నీళ్లయితే చివరి కడుగుడు వాటితో వద్దు. మనవి గట్టి నీళ్లు, ఆరాక కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి పొరగా మిగిలిపోతాయి, నల్ల చిప్ మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అప్పుడు మీరు రంగు పోయిందని కంగారు పడతారు. వాటర్ క్యాన్ నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ ఒక గిన్నెలో పెట్టుకుని చివర్లో ఒకసారి ముంచి తీయండి.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. పాత క్లే చిప్స్‌లో కొన్నింటిలో సీసం కలిపేవారు. చేత్తో పట్టుకుని ఆడుకుంటే భయపడాల్సిందేమీ లేదు, కానీ వంటింటి గిన్నెల్లో, వంటింటి సింక్‌లో కడగకండి. ఆ పనికి విడిగా ఒక ప్లాస్టిక్ టబ్బు, గ్లవ్స్ పెట్టుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పొడిగా ఉన్న చిప్‌ని ఎమరీ పేపర్‌తో రుద్దడం లాంటివి అసలే చేయకూడదు, ఆ పొడి పీల్చకూడదు. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే డబ్బా పైఅరలోకి వెళ్లిపోవాలి.

తార్నాక_పేకముక్కలు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అయస్కాంతం పట్టలేదు. టోపీ, కర్ర గుర్తులు ఉన్నాయి! ఇన్నాళ్లూ అవి ఏవో డిజైన్ అనుకున్నా, టార్చ్ లైట్ పక్క నుంచి వేసి చూస్తే స్పష్టంగా కనిపించాయి. మామయ్యకి చూపిస్తే ఆయనే ఆ కంపెనీ గురించి అరగంట చెప్పారు. గాటు పెట్టినవి కూడా కొన్ని దొరికాయి, వాటిని విడిగా తీసి పెట్టాను.

మా పాప చిన్నదే, కాబట్టి సీసం సంగతి ఇంట్లో అందరికీ చెప్పేశాను, డబ్బా బీరువా పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు నాకు రెండు డౌట్లు. ఒక్కొక్కటీ చేత్తో తోముతూ కూర్చుంటే ఎప్పటికి అవుతుంది, కళ్లజోళ్ల షాపుల్లో అల్ట్రాసోనిక్ మెషిన్ ఉంటుంది కదా, అందులో వేయొచ్చా? రెండోది, కొబ్బరినూనె సంగతి ఏం తేల్చారు? నాన్నగారు రోజూ అడుగుతున్నారు.

కోఠి_వాచ్_రిపేర్:

మెషిన్ గురించి నేను చెప్తా అన్నా. మా షాపులో వాచీల చైన్లు, కేసులు రోజూ అందులోనే కడుగుతాం, తెలిసిన కస్టమర్ల చిప్స్ కూడా చేసిచ్చాను. వేయొచ్చు, కానీ వాచ్ చైన్ కడిగినట్టు కడగకూడదు.

మెషిన్ నీళ్లలోకి ధ్వని తరంగాలు పంపుతుంది, మామూలుగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆ తరంగాలకి నీళ్లలో కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి పగులుతూ మురికిని ఊడగొడతాయి. స్టీల్‌కి దానివల్ల ఏం కాదు. క్లే చిప్‌కి మాత్రం ఎక్కువసేపు ఉంచితే మురికి తర్వాత చిప్ పైపొర కూడా ఊడటం మొదలవుతుంది, లేబుల్ అంచు దగ్గర నీళ్లు దూరతాయి. అందుకని హీటర్ ఆఫ్, చల్లటి నీళ్లు, గిన్నెల లిక్విడ్ రెండు మూడు చుక్కలు, టైమర్ రెండు నిమిషాలు మించకుండా. చిప్స్‌ని ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే మధ్యలోకి నీళ్లు పోవు, పని జరగదు. బుట్టలో నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాలి. బుట్ట లేకుండా నేరుగా అడుగున వేయడం కూడా తప్పే, అడుగు అదిరే చోట చిప్ ఆనితే అక్కడ మచ్చ పడుతుంది. చవక మెషిన్లకి టైమర్ ఉన్నా ఆఫ్ కాదు, పక్కనే నిలబడి చూసుకోవాలి.

నీళ్లు నల్లగా అయితే సంతోషించండి. అదే ఎర్ర చిప్స్ వేసినప్పుడు నీళ్లు ఎర్రగా అయ్యాయంటే అది మురికి కాదు, చిప్ రంగే దిగుతోంది, వెంటనే ఆపేయండి. ఒక్కో రంగునీ విడిగా వేయండి, తెల్లవి ముందు. బంగారు రేకుతో విలువ అచ్చు వేసిన చిప్స్ కొన్ని ఉంటాయి, కాగితం లేబుల్ లేకుండా, అవి మెషిన్‌లో వేయొద్దు, రేకు ఊడొస్తుంది.

మెషిన్ తర్వాత కూడా అంచులకి బ్రష్ పని కొంత తప్పదు. మెత్తటి టూత్ బ్రష్ ఎడమ చేత్తో కదలకుండా పట్టుకోండి, చిప్‌ని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పెట్టుకుని అంచు బ్రష్‌కి ఆనేలా నెమ్మదిగా తిప్పండి. బ్రష్ తిప్పకుండా చిప్ తిప్పితే చుట్టూ ఒకే ఒత్తిడి పడుతుంది, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అరగదు. అలవాటైతే చిప్‌కి అరనిమిషం కూడా పట్టదు. నిజం చెప్పాలంటే మీవాటికి మెషిన్ లేకుండా ఇదొక్కటే సరిపోతుందని నా నమ్మకం, నలుగురు కూర్చుంటే నాలుగు వందలు ఒక పూటలో అయిపోతాయి.

ఎండలో ఆరబెట్టకండి, మన ఎండ సంగతి తెలిసిందే కదా, ఏప్రిల్ మేలో బాల్కనీలో పెడితే ప్లేటులా వంగిపోతాయి. పాత బనియన్ గుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద పెట్టండి, మధ్యలో ఒకసారి తిరగేయండి.

సైనిక్‌పురి_రమ్మీ:

కడగడం వరకు అందరం ఒకే మాట మీద ఉన్నాం. నూనె విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగా చెప్తాను, కొబ్బరినూనె కాదు కదా ఏ నూనే వద్దు.

కడిగి ఆరాక చిప్స్ వెలిసినట్టు, సుద్ద రాసినట్టు కనిపిస్తాయి. అది చూసి అందరూ కంగారు పడి నూనె రాస్తారు. అది పాడైపోవడం కాదు, పైన ఉన్న జిడ్డు పోయింది కాబట్టి కాంతి అలా చెదిరి కనిపిస్తుంది. నాలుగు శనివారాలు ఆడితే చేతుల నుంచి వచ్చే కొద్దిపాటి నూనెతోనే రంగు దానంతటదే లోతుగా వస్తుంది. నూనె రాసిన చిప్స్ దొంతిగా పేరిస్తే జారిపోతాయి. దుమ్ము పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, పేకముక్కలు పాడవుతాయి. పూర్తి ప్లాస్టిక్ ముక్కలైతే తుడుచుకోవచ్చు, కాగితం ముక్కలైతే ఒక ముక్క మీద నూనె మరక పడిందంటే వెనక నుంచి చూసి గుర్తుపట్టేయొచ్చు, రమ్మీలో ఇంక ఆ పేక పనికిరాదు. కొన్న పేకలన్నీ మార్చుకుంటూ కూర్చోవాలి.

సేకరణ కోణంలో కూడా, కొనేవాడికి నూనె రాసిన సంగతి చెప్పి తీరాలి, నేనైతే నూనె రాసిన చిప్‌కి తక్కువే ఇస్తాను. కేసినో టేబుల్ మీద తిరిగిన వస్తువు అలాగే కనిపించాలి, ఆ అరుగుదలే దాని చరిత్ర.

హబ్సిగూడ_కెమిస్ట్రీ_టీచర్:

కొబ్బరినూనె వద్దన్న మాట వరకు నేనూ పూర్తిగా ఒప్పుకుంటాను. మొక్కల నుంచి వచ్చే నూనెలన్నీ గాలి తగిలి కాలక్రమేణా మక్కు వాసన వస్తాయి. నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు లాంటివైతే బంకలా కూడా అవుతాయి. కొబ్బరినూనెకి ఇంకో ఇబ్బంది, 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబర్ పొద్దున మన బాత్రూమ్‌లో సీసా గడ్డకట్టినట్టే చిప్ మీది పొర కూడా తెల్లగా పేరుకుంటుంది. నాన్నగారికి ఈ ఒక్క కారణం చెప్పండి, వెంటనే ఒప్పుకుంటారు.

మినరల్ ఆయిల్ సంగతి వేరు. అది హైడ్రోకార్బన్, గాలికి చెడిపోదు, వాసన రాదు. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అని అడిగితే ఇస్తారు, మలబద్ధకానికి వాడేదే. బేబీ ఆయిల్ కూడా చాలావరకు అదే, సెంటు కలుపుతారు కాబట్టి నేను పారఫిన్ వైపే మొగ్గుతాను. నల్ల చిప్స్, ముదురు ఆకుపచ్చ చిప్స్‌కి పలచగా రాస్తే వచ్చే తేడా చూసి తీరాలి. తెల్లవాటికి అవసరం లేదు, లాభం ఏమీ కనిపించదు, కొంచెం మసకబారే అవకాశం కూడా ఉంది.

బేగంపేట_పాతనాణేలు:

సైనిక్‌పురి గారు చెప్పిన చరిత్ర మాట నాణేలకి నూటికి నూరుపాళ్లు నిజం. పాత నాణేన్ని కడగడమే నేరం అంటాం మేము. చిప్స్‌కి మాత్రం నేను అంత దూరం వెళ్లను. నాణెం మీద పట్టిన ముదురు రంగు లోహంలోంచి పుట్టింది, అది నాణెంలో భాగం. చిప్ మీది జిడ్డు బయటి నుంచి వచ్చి అంటుకున్నది, కడిగినంత మాత్రాన చిప్‌ది ఏదీ పోదు. అంచులు గుండ్రంగా అరగడం, ముఖం మీది చిన్న దెబ్బలు, ఇవీ చరిత్ర అంటే, వాటిని ఎవరం మార్చలేం, మార్చాలని చూడకూడదు.

నూనె గురించి నా పద్ధతి చెప్తాను. ఆడటానికి వాడే చిప్స్‌కి మాత్రమే, అదీ ముదురు రంగులకే రాస్తాను. దూది ఉండకి రెండు చుక్కలు పట్టించి అంచు, ముఖం తుడవాలి, తడి మెరవకూడదు, రంగు ముదిరితే చాలు. రాత్రంతా గుడ్డ మీద వదిలేసి పొద్దున పొడి నూలు బట్టతో గట్టిగా తుడిచేయాలి, బట్టకి ఏమీ అంటని వరకు. అలా తుడిస్తే జారడం, పేకకి అంటడం ఉండవు. సైనిక్‌పురి గారు చూసినవి తుడవకుండా వదిలేసినవి అయి ఉంటాయి. గాటు పెట్టినవన్నీ, మంచి స్థితిలో ఉన్నవి ఒక్కో రంగుకి కొన్ని చొప్పున ఏ నూనె తగలకుండా విడిగా దాచండి, అవి సేకరణకి.

సైనిక్‌పురి_రమ్మీ:

అలా పొడిగా తుడిచేట్టయితే నాకు అభ్యంతరం తగ్గింది. కాగితం ముక్కల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా, ప్లాస్టిక్ పేక కొనుక్కోండి.

నారాయణగూడ_లా:

డబ్బు లేకుండా ఆడతామన్నారు కాబట్టి మీకు సమస్య లేదు, అయినా చదివేవాళ్ల కోసం ఒక మాట. చిప్స్ దగ్గర ఉండటం తప్పు కాదు, పందెం పెట్టడంతోనే చిక్కు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ మీదే నడిచింది. మూడు ముక్కలాటకి ఆ తీర్పు వర్తించదు. తర్వాత 1974 గేమింగ్ చట్టం వచ్చింది, 2017లో తెలంగాణ దాన్ని సవరించాక ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా దాని కిందికి వచ్చింది. పండగ పూట ఇంట్లో సరదాకే కదా అని చిప్స్‌కి రూపాయలు లెక్కకట్టడం మొదలుపెడితే ఆ సరదా స్టేషన్ దాకా వెళ్తుంది. పాయింట్లతోనే ఉండండి.

తార్నాక_పేకముక్కలు:

అందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు చాలా చాలా థ్యాంక్స్. ముందు మరీ అరిగిపోయిన కొన్ని ఎర్ర చిప్స్ తీసుకుని చూశాం. మామయ్య బ్రష్ పట్టుకున్నారు, నేను తుడిచాను. వాచ్ రిపేర్ అన్న చెప్పినట్టు బ్రష్ కదపకుండా చిప్ తిప్పుతుంటే అంచున బూడిద రంగులోంచి తెలుపు ముక్క ఒక్కొక్కటే బయటపడింది, ఇంత తెల్లగా ఉంటుందని మామయ్యకే తెలియదట, ఆయన దగ్గరికి వచ్చేటప్పటికే అలా ఉన్నాయట. టబ్బులో నీళ్లు మాత్రం మురిక్కాలువే. ఆర్వో నీళ్లతో చివర్లో ముంచాం, తెల్ల పొర ఏమీ రాలేదు.

కడిగాక నిజంగానే సుద్ద రాసినట్టు కనిపించాయి, ముందే చెప్పి ఉండకపోతే గాబరా పడేవాణ్ణి. లిక్విడ్ పారఫిన్ తెచ్చి ఒక నల్ల చిప్ సగానికి రాసి పొద్దున తుడిచి చూపిస్తే నాన్నగారు ఇంక కొబ్బరినూనె ఊసెత్తలేదు. ఎర్రవాటికి ఏం రాయకుండా ఆడదామని అనుకున్నాం.

మిగిలింది రెండు విషయాలు. సిగరెట్ వాసన తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రెండోది, ఆరాక రెండు మూడు చిప్స్ టేబుల్ మీద సరిగ్గా ఆనడం లేదు, వేలితో తడితే గిర్రున తిరుగుతున్నాయి. ఇవి మేం కడగడం వల్ల వంగాయా, ముందు నుంచీ అంతేనా?

కోఠి_వాచ్_రిపేర్:

చల్లటి నీళ్లతో కడిగి ఫ్యాన్ కింద ఆరబెడితే వంగవు అన్నా, అవి ముందు నుంచీ అంతే అయి ఉంటాయి. ఇంకా కడగనివాటిలో కూడా ఒక్కొక్కటీ అద్దం మీద పెట్టి తట్టి చూడండి, అలాంటివి కొన్ని తప్పకుండా దొరుకుతాయి. గుట్టగా డబ్బాలో పోసి ఏళ్ల తరబడి ఉంచితే కింద పడ్డవి వంగుతాయి. రెండు గాజు పలకల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు పెట్టి కొన్ని వారాలు వదిలేయండి. వేడి చేసి సరిచేద్దామని మాత్రం అనుకోవద్దు.

హబ్సిగూడ_కెమిస్ట్రీ_టీచర్:

వాసనకి తినేసోడా ఒక చిన్న గిన్నెలో పోసి, చిప్స్ ఉన్న డబ్బాలోనే వాటికి తగలకుండా పెట్టి మూత గట్టిగా బిగించండి. వారానికోసారి సోడా మార్చండి. అగరొత్తుల డబ్బాలో పెట్టడం, సెంటు కొట్టడం చేయకండి, ఆ నూనెలు చిప్‌లోకి ఇంకుతాయి. పాత డబ్బా అట్టదైతే అసలు వాసన అందులోనే ఉంటుంది, దాన్ని తీసేయండి.

బేగంపేట_పాతనాణేలు:

డబ్బా మారుస్తున్నారు కాబట్టి ఇదీ చెప్తున్నా, మళ్లీ గుట్టగా పోయకండి. 100 చిప్స్ పట్టే యాక్రిలిక్ ర్యాకులు దొరుకుతాయి, ఒక్కో వరుసలో 20 చొప్పున అయిదు వరుసలు, కేసినోల్లో వాడేవి అవే. మీకు నాలుగైతే సరిపోతాయి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టొద్దు, నాణేల ఆల్బమ్‌లలో వచ్చే ఆ మెత్తటి కవర్లు కొన్నేళ్లకి జిగురు వదులుతాయి, లేబుల్‌కి అంటుకుంటుంది. ర్యాకుల్ని కిటికీకి దూరంగా పెట్టండి, ఎండ పడితే ముందు వెలిసేది ఆ ఎర్రవే. గాటు పెట్టినవాటి ఫొటోలు రెండు వైపులా తీసి ఇక్కడ పెట్టండి, ఏ విలువవి, గాటు ఎలా ఉందో చూడాలని ఉంది.